ఘోస్టు అను పత్రికాయంత్రము: దానిని కంటైనరులలో నడుపుట, క్రొత్త కూర్పునకు మార్చుట

వ్రాసిన మాట నిలుచుటకు రెండు కావలెను. ఒకటి దానిని చదువగోరు మనుష్యుడు. రెండవది దానిని చెడకుండ కాపాడు చోటు. తాటాకులపై గంటముతో వ్రాయు కాలమున చెమ్మయు పురుగులును గ్రంథములకు శత్రువులై యుండెను. అందువలన ప్రాత ప్రతి శిథిలము కాకమునుపే లేఖకులు క్రొత్త ప్రతిని వ్రాసి యుంచుచు వచ్చిరి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు కడపలో పండితులను నియమించి, తెలుగు గ్రంథముల వ్రాతప్రతులను పెక్కింటిని సేకరింపించి, వానిని ఒకదానితో నొకటి సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించిరి. ఒక్క ప్రతిని నమ్ముకొని యూరకుండరాదని ఆ పని మనకు తెలుపుచున్నది.

నేడు మన వ్రాతలలో పెక్కులు కంప్యూటరులలో నున్నవి. అవియు చాలవరకు పరుల గృహములలో నున్నవి. యజమాని తలుపు మూసినచో అద్దెకున్నవాని సామాను వీధిపాలగును. యాహూ సంస్థవారు జియోసిటీస్ అను తమ స్థలమును జపాను దేశమున తప్ప తక్కినచోట్ల 2009 అక్టోబరు 26వ తేదీని మూసివేసిరి. లక్షలకొలది సామాన్యజనులు పెక్కేండ్లుగా వ్రాసికొనిన పుటలు ఆ స్థలమున నుండెను. కొందఱు స్వచ్ఛందసేవకులు చేజిక్కినంత మట్టునకు ప్రతులు తీసి దాచిరి, తక్కినవి పోయినవి. గూగులువారి ప్లస్ అను స్థలమును 2019 ఏప్రిలులో సామాన్యులకు మూతపడెను.

పాఠశాల పత్రికలో వెలువడిన పద్యమో, కథయో, వ్యాసమో అనేక బాలబాలికలకు తమ జీవితములో మొట్టమొదట ప్రకటితమైన రచన. కొందఱికి అదియే కడపటిది కూడ కావచ్చును. అట్టి రచనలను కంప్యూటరునందు ప్రకటింపదలచిన పాఠశాల తన గృహమును తానే కట్టుకొని కాపాడుకొనుట యెట్లో ఈ పాఠమున వివరింతుము. ఇందులకు ఘోస్టు అను ప్రోగ్రామును దృష్టాంతముగా గైకొనుచున్నాము.

1. ఘోస్టు అననేమి?

ఘోస్టు అనునది వ్యాసములను, వార్తాలేఖలను ప్రకటించుటకై యేర్పడిన ప్రోగ్రాము. జాన్ ఓ నోలన్, హానా వుల్ఫ్ అను నిరువురు దీనిని ప్రారంభించిరి. ఓ నోలన్ అంతకు పూర్వము వర్డ్‌ప్రెస్ అను మఱియొక ప్రసిద్ధమైన ప్రోగ్రాము నిర్మాణమున పాలుపంచుకొనినవారు. వీరు 2013లో కిక్‌స్టార్టరు ద్వారా ప్రజలవద్ద చందాలు గూర్చుకొని, లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడి, ఈ పనికి పూనుకొనిరి. ఘోస్టునకు ఎం.ఐ.టి. లైసెన్సు కలదు. అనగా ఎవరైనను దీనిని వెల లేక తీసికొని నడుపుకొనవచ్చును, అవసరమైనచో మార్చుకొనను వచ్చును. దీని అయిదవ పెద్దకూర్పు 2022 మే నెలలోను, ఆఱవ పెద్దకూర్పు 2025 ఆగస్టులోను వెలువడినవి.

దీనిని నడుపువారు నాలుగు భాగములను వేఱువేఱుగా గుర్తింపవలెను.

మొదటిది ప్రోగ్రాము. ఇది జావాస్క్రిప్టు భాషలో వ్రాయబడి, నోడ్ అను సాధనముపై నడుచును. ఇది పోయినను చింత లేదు, మరల దింపుకొనవచ్చును.

రెండవది డేటాబేసు. వ్యాసముల పాఠము, రచయితల పేరులు, చందాదారుల పట్టిక, సంస్థితి వివరములు ఇందుండును. ఘోస్టు 5.0 మొదలు నిజమైన ప్రకటనకు మై ఎస్క్యూఎల్ 8 అను డేటాబేసునే ఆమోదించుచున్నారు.

మూడవది కంటెంట్ అను ఫోల్డరు. చిత్రములు, పుటల అలంకరణకు చెందిన థీములు, జతపఱచిన ఫైళ్లు ఇందుండును.

నాలుగవది సంస్థితిపత్రము. డేటాబేసు ఎచ్చట నున్నది, పాస్‌వర్డు ఏమి, పత్రిక చిరునామా ఏది అను సంగతులు దీనియందు వ్రాసి యుండును.

ఈ నాలుగింటిలో మొదటిదానిని లోకమంతయు కాపాడుచున్నది. తక్కిన మూడును మనయొద్ద మాత్రమే యున్నవి. ఈ భేదము మనస్సున నిలిచినచో ఇకముందు చెప్పబోవున దంతయు సులభముగా బోధపడును.

2. కంటైనరు అననేమి?

విశాఖపట్టణపు రేవును చూచినవారు ఒకే కొలతతో చేసిన పెద్ద ఇనుపపెట్టెలను చూచియే యుందురు. పూర్వము బస్తాలు, పీపాలు, మోపులు వేఱువేఱుగా ఓడకెక్కించెడివారు. 1956 ఏప్రిలు 26వ తేదీని మాల్కం మెక్లీన్ అను అమెరికా వర్తకుని ఐడియల్ ఎక్స్ అను ఓడ 58 పెట్టెలతో నూఆర్కు రేవునుండి హ్యూస్టనునకు బయలుదేఱెను. పెట్టెలో నేమున్నదో ఓడకును క్రేనుకును తెలియ నక్కఱలేదు. పెట్టె కొలత తెలిసిన చాలును. ఈ యొక్క యుక్తివలన ఓడవర్తకము స్వరూపమే మాఱిపోయెను.

కంప్యూటరు కంటైనరును అట్టిదే. ఒక ప్రోగ్రామును, దానికి కావలసిన ఉపకరణములన్నిటిని ఒక్కచోట కట్టి, ఏ సర్వరుపైనను ఒకే రీతిగా నడుచునట్లు చేయుట దీని ప్రయోజనము. ఇందలి మూలసూత్రము క్రొత్తది కాదు. ఒక ప్రోగ్రామునకు ఫైళ్ల ప్రపంచములో కొంత భాగమును మాత్రమే చూపు సౌకర్యము 1979 నాటి యూనిక్సు ఏడవ కూర్పునందే కలదు. పిమ్మట లైనక్సు కెర్నెలునందు రెండు సాధనములు చేరినవి. ఒకటి నేమ్‌స్పేసు: ఇది ప్రతి కంటైనరునకును తానొక్కటియే యంత్రమున నున్నదను భావమును కలిగించును. రెండవది సీగ్రూపు: ఇది ఏ కంటైనరు ఎంత జ్ఞాపకశక్తిని, ఎంత గణనశక్తిని వాడవచ్చునో హద్దు పెట్టును. ఈ సాధనములను సామాన్యులకు సులభసాధ్యము చేసిన డాకర్ అను పరికరమును 2013 మార్చిలో సాలొమన్ హైక్స్ పైథాను భాషాభిమానుల సభలో చూపెను.

ఇచ్చట ఇమేజి, కంటైనరు అను రెండు మాటల భేదమును తెలిసికొనవలెను. ఇమేజి అచ్చు వంటిది. కంటైనరు ఆ అచ్చునుండి తీసిన బొమ్మ వంటిది. బొమ్మ పగిలినచో అచ్చునుండి మఱియొకటి తీయవచ్చును. కాని పగిలిన బొమ్మపై మనము వేసికొన్న రంగులు క్రొత్త బొమ్మకు రావు. అట్లే కంటైనరును తొలగించినప్పుడు దాని లోపల వ్రాయబడిన దంతయు దానితోకూడ పోవును. కావున నిలువవలసిన వస్తువులను కంటైనరునకు వెలుపల, వాల్యూము అను భద్రస్థానమునందు ఉంచవలెను. కంటైనరు నశ్వరము, వాల్యూము స్థిరము అనునది ఈ విద్యయందు మొదటి సూత్రము.

3. ఏర్పాటు

మన పత్రికకు మూడు కంటైనరులు చాలును. మొదటిదానిలో ఘోస్టు, రెండవదానిలో మై ఎస్క్యూఎల్, మూడవదానిలో క్యాడీ లేక ఎంజిన్ఎక్స్ అను ద్వారపాలకుడు ఉండును. ఈ మూడింటి వివరములను కంపోజ్ అను ఒకే ఫైలునందు వ్రాసి యుంచుదురు. ఏ ఇమేజిని తీసికొనవలెను, ఏ వాల్యూమును ఎచ్చట తగిలింపవలెను, ఏ ద్వారమును తెఱవవలెను అను సంగతు లన్నియు దీనియందే యుండును. ఈ ఫైలు కలవాడు వేఱొక సర్వరుపై అదే ఏర్పాటును కొలది నిమిషములలో మరల నిలుపగలడు.

ఘోస్టు తన కంటెంట్ ఫోల్డరును వార్ అనుదాని లోపలి లిబ్, దాని లోపలి ఘోస్ట్ అను మార్గమున ఉంచుకొనును. మై ఎస్క్యూఎల్ తన దత్తాంశమును వార్, లిబ్, మైఎస్క్యూఎల్ అను మార్గమున ఉంచుకొనును. ఈ రెంటికిని పేరుగల వాల్యూములను తగిలింపవలెను. పేరు పెట్టనిచో డాకర్ తానే ఒక పొడవైన అర్థములేని పేరు పెట్టును. ఆపదవేళ దానిని వెదకి పట్టుట కష్టము.

ఘోస్టు 2368 అను ద్వారమున వినును. దానిని నేరుగా లోకమునకు తెఱవరాదు. ద్వారపాలకుడు 443 ద్వారమున నిలిచి, గుప్తభాషలో వచ్చిన ప్రార్థనను గ్రహించి, లోపలికి అందించును. వచ్చిన ప్రార్థన గుప్తమార్గముననే వచ్చెనని అతడు ఘోస్టునకు తెలుపవలెను. తెలుపనిచో ఘోస్టు ఆ చదువరిని గుప్తమార్గమునకు పొమ్మని మరల మరల త్రిప్పి పంపుచుండును. పుట యెన్నటికిని తెఱచుకొనదు. ఇక మై ఎస్క్యూఎల్ వారి 3306 ద్వారమును బయటకు తెఱవనే కూడదు. దానితో మాటలాడవలసినది ఘోస్టు ఒక్కటియే. ఆ రెండును లోపలి వీధిలో కలిసికొనును.

సర్వరునకు కనీసము 1 జీబీ జ్ఞాపకశక్తి ఉండవలెను. ఉత్తరములు పంపు ఏర్పాటును మొదటనే చేసికొనవలెను. లేనిచో క్రొత్త సంపాదకునికి ఆహ్వానమును, పాస్‌వర్డు మఱచినవానికి సహాయలేఖయు చేరవు.

4. క్రొత్త కూర్పునకు మార్చుట

నడుచుచున్న దానిని ఏల కదిలింపవలెనని కొంద ఱడుగుదురు. ప్రోగ్రాములయందు లోపములు బయటపడుచుండును. లోపము ప్రకటితమైన దినముననే దొంగలకును అది తెలియును. కావున ప్రాత కూర్పునే పట్టుకొని యుండుట గొళ్లెము చెడిన తలుపును అట్లే యుంచుకొనుట వంటిది. కాని తొందరపడి మార్చుటయు నంతే ప్రమాదము. ఈ రెంటికి నడుమ క్రమపద్ధతి యొకటి కలదు.

కూర్పు సంఖ్యలో మూడు భాగములుండును. మొదటి యంకె మాఱినచో పెద్ద మార్పులు వచ్చినవని యర్థము; ప్రాత యలవాట్లు కొన్ని చెల్లకపోవచ్చును. రెండవ యంకె మాఱినచో క్రొత్త సౌకర్యములు చేరినవని యర్థము. మూడవది మాఱినచో లోపములు దిద్దబడినవని యర్థము.

కంపోజ్ ఫైలునందు ఇమేజి పేరు ప్రక్కన కూర్పును తెలుపు ట్యాగు వ్రాయుదురు. అచ్చట "లేటెస్ట్" అని వ్రాయుట సోమరితనము. ఆ మాటకు ఈ దినమున ఒక అర్థము, వచ్చు నెలలో మఱియొక అర్థము. 2022 మే నెలలో 5.0 వెలువడినప్పుడు ఇట్టివారికి గట్టి పాఠము కలిగెను. ఎస్క్యూలైట్ అను చిన్న డేటాబేసుతో నాలుగవ కూర్పును నడుపుచు, "లేటెస్ట్" ట్యాగును నమ్ముకొని యున్నవారి సర్వరులు అయిదవ కూర్పును దింపుకొనెను. ఆ కూర్పు మై ఎస్క్యూఎల్ కొఱకు వెదకి, అది లేకపోవుటచే ఆగిపోయి, మరల మొదలై, మరల ఆగుచుండెను. వ్రాతలు పోలేదు గాని పత్రిక మూతపడెను. ట్యాగును నాలుగవ కూర్పునకు మరల్చి, వ్యాసములను బయటకు తీసి, మై ఎస్క్యూఎల్‌ను నెలకొల్పి, వానిని అందు చేర్చినపిమ్మట గాని కార్యము చక్కబడలేదు. ట్యాగునందు అంకెను స్పష్టముగ వ్రాసినవారు తమకు తీరికయైన దినమున ఈ మార్పు చేసికొనిరి.

మార్పు చేయు క్రమ మిది.

మొదట, క్రొత్త కూర్పుతోడి ప్రకటనను పూర్తిగా చదువవలెను. ఏమి మాఱినది, ఏమి తొలగినది అను సంగతు లందుండును.

రెండవది, డేటాబేసునకు ప్రతి తీయవలెను. ఇందులకు మైఎస్క్యూఎల్‌డంప్ అను సాధనము కలదు. దానికి సింగిల్ ట్రాన్సాక్షన్ అను సూచన నిచ్చినచో, పత్రికను ఆపకయే ఒక్క క్షణమునకు చెందిన పొందికైన ప్రతి లభించును. నడుచుచున్న డేటాబేసు ఫైళ్లను ఊరక కాపీ చేయరాదు. సగము పాతయు సగము క్రొత్తయు నైన ప్రతి నిరుపయోగము.

మూడవది, కంటెంట్ ఫోల్డరునకును కంపోజ్ ఫైలునకును ప్రతులు తీయవలెను. ఘోస్టు సంపాదకపుటనుండి వ్యాసములను ఒకే ఫైలుగా దింపుకొనవచ్చును గాని, అందు చిత్రములు రావు. చందాదారుల పట్టికను వేఱుగా తీసికొనవలెను. కావున దానిని అదనపు రక్షణగానే యెంచవలెను.

నాలుగవది, ఆ ప్రతులలో ఒకటి సర్వరునకు వెలుపల నుండవలెను. ప్రతులు మూడు, అవి రెండు విధములైన సాధనములపై, అందొకటి వేఱొక యూరిలో నుండుట మంచిదని అనుభవజ్ఞుల మాట.

అయిదవది, పెద్దకూర్పును దాటబోవునప్పుడు ముందు ప్రస్తుత పెద్దకూర్పులోని కడపటి మెట్టును చేరవలెను. అయిదునుండి ఆఱునకు పోదలచినవారు మొదట 5లోని చివరి కూర్పును ఎక్కి, అచ్చట అంతయు సరిగా నడుచుటను చూచి, పిమ్మట 6నకు పోవలెను.

ఆఱవది, ట్యాగును మార్చి, డాకర్ కంపోజ్ పుల్ అను ఆజ్ఞతో క్రొత్త ఇమేజిని దింపి, డాకర్ కంపోజ్ అప్ అను ఆజ్ఞతో క్రొత్త కంటైనరును నిలుపవలెను. పాత బొమ్మ పోయి క్రొత్త బొమ్మ వచ్చును. వాల్యూము లట్లే యుండును.

ఏడవది, లాగు అనబడు చిట్టాను కనిపెట్టి చూడవలెను. క్రొత్త కూర్పు మొదలైనవెంటనే డేటాబేసు పట్టికలను తన కనుకూలముగా మార్చుకొనును. దీనిని మైగ్రేషన్ అందురు. ఆ పని జరుగుచుండగా ఘోస్టు డేటాబేసునందు తాళము వేసికొనును. ఓపిక లేక నడుమ కంటైనరును ఆపినచో ఆ తాళము అట్లే నిలిచిపోయి, మరుసారి మొదలుపెట్టినను ఘోస్టు లేవదు. కావున చిట్టాయందు పని ముగిసినట్లు కనబడువఱకు చేయి కదపరాదు.

5. వెనుకకు మరలుట

క్రొత్త కూర్పు నడువనిచో పాత ట్యాగును వ్రాసిన చాలునని అనుకొనుట పొరపాటు. ప్రోగ్రాము పాతదైనను డేటాబేసు అప్పటికే క్రొత్త రూపమును పొందియుండును. పాత ప్రోగ్రామునకు అది తెలియని భాష. వెనుకకు మరలవలెనన్న పాత ఇమేజిని, మార్పునకు ముందు తీసిన పాత డేటాబేసు ప్రతిని రెంటిని కలిపియే నిలుపవలెను. మై ఎస్క్యూఎల్ విషయమున ఈ నియమము మఱింత కఠినము. దానిని క్రొత్త కూర్పునకు మార్చినచో అదే ఫైళ్లతో పాతదానికి దిగుటకు వీలులేదు. అందుచేత ఘోస్టును, మై ఎస్క్యూఎల్‌ను ఒకే దినమున మార్పరాదు. రెండును మాఱినపుడు తప్పు దేనియందున్నదో తెలియదు.

మఱియొక ఆజ్ఞను గూర్చి హెచ్చరించుచున్నాము. డాకర్ కంపోజ్ డౌన్ అనునది కంటైనరులను తొలగించును గాని పేరుగల వాల్యూములను తాకదు. దాని చివర వి అను ఒక్క యక్షరమును చేర్చినచో పేరుగల వాల్యూములును పోవును. ఒక్క యక్షరము పెక్కేండ్ల సంచికలను తుడిచివేయగలదు.

6. తెలుగు అక్షరముల పరీక్ష

ప్రతి యుండుట వేఱు, ఆ ప్రతినుండి పత్రిక మరల లేచుట వేఱు. దీనిని తెలుగువారు మఱింత శ్రద్ధతో పరీక్షింపవలెను. ఆంగ్లాక్షర మొక్కటి కంప్యూటరునందు 1 బైటులో ఇముడును. యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు సంకేత మొక్కటికి 3 బైటులు కావలెను. "స్త్రీ" అను నొక్క యక్షరమును చూడుడు. అందు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము అను 6 సంకేతములు కలవు. అనగా 18 బైటులు. ప్రతి తీయునపుడో, తిరిగి చేర్చునపుడో అక్షరపద్ధతి తప్పుగా నిర్దేశింపబడినచో ఆంగ్లపుటలు చక్కగా కనబడును, తెలుగు పుటలు ప్రశ్నార్థక చిహ్నముల వరుసలగును. ఒకసారి ప్రశ్నార్థకముగా మాఱి నిలువచేయబడిన అక్షరమును మరల రాబట్టుట అసాధ్యము. మై ఎస్క్యూఎల్ 8నందు యూటీఎఫ్8 ఎంబీ4 అను సరియైన పద్ధతియే సహజముగా నుండును. అయినను పాత సర్వరులనుండి వచ్చిన పట్టికలను విడిగా చూచుకొనవలెను.

కావున నెలకొకసారి వేఱొక కంప్యూటరుపై ప్రతినుండి పత్రికను మరల నిలిపి చూడుడు. ఒక తెలుగు పద్యమును, ఒక చిత్రమును, మిక్కిలి పాతదైన ఒక వ్యాసమును తెఱచి చదువుడు. ఈ పనిని పై తరగతుల విద్యార్థులు ఇద్దఱిద్దఱుగా వంతులవారిగా చేయవచ్చును. ఒకరు ఆజ్ఞల నిచ్చుచుండగా రెండవవారు చేసినదెల్ల నోటుపుస్తకమున తేదీతో వ్రాయవలెను. పాఠశాలలో విద్యార్థులు ఏటేట మాఱుదురు. ఆ పుస్తకము మాత్రము తరువాతి వారికి దారి చూపును. పాస్‌వర్డులను అందు వ్రాయరాదు. వానిని ప్రధానోపాధ్యాయులవద్ద మూసిన కవరులో నుంచవలెను. ఒక్కరికే తెలిసిన విద్య ఆ యొక్కరితోనే పాఠశాలను విడిచిపోవును.

తలిదండ్రులకు ఒక మనవి. మీ పిల్లలు ఈ పనిలో ఒక రాత్రి అధికముగ మేల్కొనిన యెడల ఆట యని తలపకుడు. తోటివారి వ్రాతలను కాచుట యెట్లో వారు నేర్చుకొనుచున్నారు.

అభ్యాసము

1. ఘోస్టు పత్రికకు గల నాలుగు భాగములలో ఏవి మరల దింపుకొనదగినవి, ఏవి కావు? కారణము తెలుపుము.

2. ఇమేజికిని కంటైనరునకును గల భేదమును నీకు తెలిసిన వేఱొక యుపమానముతో వివరింపుము.

3. క్రొత్త కూర్పు చెడినప్పుడు పాత ట్యాగు మాత్రమే వ్రాసిన ఏల చాలదు?

4. "క్ష" అను అక్షరమునకు యూటీఎఫ్ 8 పద్ధతిలో ఎన్ని బైటులు కావలెనో లెక్కకట్టి, నీ పేరునకును అట్లే లెక్కకట్టుము.